పిల్లి ఇచ్చిన ఉంగరం

వానాకాలం మొదట్లో ఒక ఇంటి పెరట్లో, కట్టెల మోపు చాటున పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. ఆ ఇంట్లో ఎనిమిదో తరగతి చదువుతున్న అమ్మాయి ఉంది. మూడింటిలో బూడిదరంగు పిల్ల ఆమెకు బాగా మాలిమి అయింది. బడి నుంచి రాగానే దాన్ని ఒళ్ళో వేసుకొని మెడకింద నిమురుతూ పాఠం చదువుకునేది. కొన్ని వారాలు గడిచాయి. పిల్లిపిల్ల చెవి అంచున, ముక్కు పక్కన వెంట్రుకలు ఊడిపోయి, బూడిద చల్లినట్టు పొట్టు లేచింది. మరో పది రోజులకు అమ్మాయి ముంజేతి మీద ఎర్రటి మచ్చ కనిపించింది. దోమ కుట్టిందనుకుంది. ఆ మచ్చ పెరిగి పెరిగి రూపాయి బిళ్ళంత అయింది. అంచు ఎర్రగా, కాస్త ఉబ్బుగా ఉంది. నడిమి భాగం మాత్రం మామూలు చర్మంలాగే ఉంది. ఒకటే దురద.

బళ్ళో ఆమె పక్కన కూర్చునే ఇద్దరు బెంచీ మారారు. ఇంట్లో నాయనమ్మ చెయ్యి చూసి, "తామరే ఇది! ఆ మాయదారి పిల్లిని గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేసి రారా!" అని కొడుకును కేకేసింది. పక్కింటావిడ వచ్చి, "కాస్త కిరసనాయిలు రాయండి పిన్నిగారూ, తెల్లారేసరికి మాడిపోతుంది" అంది. మేనమామ మందుల షాపు నుంచి ఒక గొట్టం మందు పట్టుకొచ్చాడు. రెండు రోజుల్లో దురద పోయింది, ఎరుపు తగ్గింది. అందరూ సంతోషించారు. మూడు వారాలు తిరిగేసరికి ఒక ఉంగరం ఉన్నచోట నాలుగు ఉంగరాలు ఉన్నాయి. ఈసారి వాటికి సరైన అంచు కూడా లేదు.

ఇలాంటిది మీకు తెలిసిన ఇంట్లోనూ జరిగే ఉంటుంది. ఇందులో నాయనమ్మ రెండు మాటలు సరిగ్గా చెప్పింది. అది తామరే. అది పిల్లి నుంచే వచ్చింది. మిగిలినవన్నీ పొరపాట్లు. అవి ఎందుకు పొరపాట్లో తెలియాలంటే ముందు ఆ ఉంగరం ఏమిటో తెలియాలి.

పురుగు కాదు, బూజు

ఇంగ్లీషువాళ్ళు ఈ జబ్బును రింగ్‌వర్మ్ అన్నారు. అంటే ఉంగరపు పురుగు. అంతకుముందే లాటిన్‌లో టీనియా అన్నారు. బట్టలు కొరికే చిమ్మటకు కూడా ఆ భాషలో అదే పేరు. డాక్టర్లు ఇప్పటికీ ఆ మాటనే వాడుతున్నారు. మచ్చ గుండ్రంగా ఉంది కాబట్టి చర్మం కింద ఏదో పురుగు చుట్ట చుట్టుకొని పడుకుని ఉంటుందని పూర్వం అనుకున్నారు. నిజానికి అక్కడ పురుగు లేదు. (మిరప చేలలో రైతులు తిట్టిపోసే తామర పురుగు వేరు సుమా! అది నిజంగానే పురుగు. ఆకుల్లోని రసం పీలుస్తుంది. దానికీ ఈ జబ్బుకూ సంబంధం లేదు.)

తామరను కలిగించేది శిలీంధ్రం. అంటే బూజు. మూత సరిగ్గా పెట్టని ఊరగాయ మీదా, నిలవున్న రొట్టె మీదా, వానాకాలంలో తోలు చెప్పుల మీదా పెరిగే బూజుకు ఇది బంధువే. దీని శరీరమంతా సన్నటి దారాలు. వాటిని తంతువులు అంటారు. మొక్కల్లాగా దీనికి పత్రహరితం లేదు. తన ఆహారం తాను తయారు చేసుకోలేదు. దేనిమీద పెరుగుతుందో దాన్నే కరిగించి పీల్చుకోవాలి.

రొట్టె మీది బూజుకు పిండిపదార్థం దొరుకుతుంది. మరి చర్మం మీది బూజుకు ఏం దొరుకుతుంది? కెరాటిన్ దొరుకుతుంది. వెంట్రుకలు, గోళ్ళు, కొమ్ములు, గిట్టలు, ఈకలు, మన చర్మపు పైపొర, అన్నీ ఈ కెరాటిన్ అనే ప్రోటీనుతో తయారైనవే. ఇది మహా మొండి పదార్థం. దీని అణువులను గంధకపు బంధాలు కుట్టు వేసినట్టు గట్టిగా పట్టి ఉంచుతాయి. అందుకే తలవెంట్రుక అన్నంలో పడితే మన కడుపు దాన్ని అరిగించుకోలేదు. కెరాటిన్‌ను తిని బతకగలిగిన జీవులు ప్రపంచంలో కొద్దే. తామర బూజులు ఆ కొద్దిలోవి. కెరాటిన్‌ను ముక్కలు చేసే ఎంజైములు వాటి దగ్గర ఉన్నాయి.

ఇలా ఆలోచించి చూడండి. ఏటా ఎన్ని కోట్ల కోళ్ళు, పిట్టలు, పశువులు ఈకలూ వెంట్రుకలూ రాలుస్తున్నాయి? అవన్నీ నేలమీద గుట్టలు పడి ఉండాలి కదా! ఉండవు. మట్టిలో ఉన్న శిలీంధ్రాలు, బాక్టీరియాలు మెల్లగా వాటిని తినేస్తాయి. తామర బూజుల పూర్వీకులు ఇలా మట్టిలో రాలిన వెంట్రుకల మీద బతికినవేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈ కుటుంబంలో కొన్ని ఇప్పటికీ మట్టిలోనే ఉన్నాయి. కొన్ని రాలిన వెంట్రుకలతో తృప్తిపడక, జంతువుల ఒంటిమీద ఉన్న వెంట్రుకలకే ఎగబాకాయి. మరికొన్ని మనుషులకు అలవాటుపడి, మనిషి నుంచి మనిషికి మాత్రమే పాకుతున్నాయి.

పిల్లులకు అలవాటుపడిన బూజు పేరు మైక్రోస్పోరమ్ కానిస్. ఇక్కడ ఒక తమాషా ఉంది. లాటిన్‌లో కానిస్ అంటే కుక్క! దీనికి 1902లో ఆ పేరు పెట్టారు. కుక్కల్లోనూ ఇది కనిపిస్తుంది నిజమే కాని, దాని అసలు ఇల్లు పిల్లే. పేరు కుక్కది, ఊరు పిల్లిది. శాస్త్రంలో ఒకసారి పెట్టిన పేరును మార్చడం అంత సులభం కాదు.

ఉంగరం ఎలా ఏర్పడుతుంది?

మన చర్మపు పైపొర బతికి ఉన్నది కాదు. అడుగున పుట్టిన కణాలు పైకి జరుగుతూ, కెరాటిన్ నింపుకొని, చచ్చి, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదానిమీద ఒకటి పేర్చుకొని ఉంటాయి. పైవి రాలిపోతూ ఉంటాయి. కింది నుంచి కొత్తవి వస్తూ ఉంటాయి. తామర బూజు నివాసం ఈ మృతకణాల పొరలోనే. అంతకన్నా లోతుకు, రక్తం పారే చోటికి, అది సాధారణంగా పోదు. పోతే మన శరీరం ఊరుకోదు.

బూజు ఒకచోట పడిందనుకోండి. అక్కడి నుంచి అన్ని దిక్కులకూ సమానంగా తంతువులు చాపుతుంది. రొట్టె ముక్క మీద బూజు గుండ్రంగా పెరగడం మీరు చూసే ఉంటారు. చర్మం మీద కూడా అలాగే పెరిగితే నిండు చంద్రుడిలాంటి మచ్చ రావాలి కాని, ఉంగరం ఎందుకు వస్తుంది?

బూజు వదిలే పదార్థాలు కింద ఉన్న సజీవ కణాలకు తగులుతాయి. శరీరం మేలుకుంటుంది. అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది. తెల్లరక్తకణాలు వస్తాయి. అదే మనకు కనిపించే ఎరుపు, వాపు, దురద. ఆ చోట పైకణాలు త్వరత్వరగా పుట్టి, పొట్టులా రాలుతూ బూజును కూడా తమతో తీసుకుపోతాయి. ముందుగా పోరాటం మొదలైంది నడిమిలో కాబట్టి అక్కడే ముందుగా శుభ్రపడుతుంది. బూజు మాత్రం ఈలోగా అంచుకు జరిగి, కొత్త చర్మాన్ని ఆక్రమిస్తూ పోతుంది. కాబట్టి ఆ ఎర్రటి అంచు ఒక యుద్ధరేఖ. డాక్టరు పరీక్షకు చర్మం గీకేటప్పుడు నడిమి నుంచి కాక ఈ అంచు నుంచే గీకుతాడు. మందు రాసేవాళ్ళు అంచు దాటి చుట్టూ మరో రెండు సెంటీమీటర్ల మేర రాయమని చెప్పడానికి కూడా ఇదే కారణం. కంటికి కనిపించే అంచుకన్నా బూజు కొంచెం ముందుకే పోయి ఉంటుంది.

పిల్లి బూజు మన చర్మం మీద పడితే ఎరుపూ మంటా కాస్త ఎక్కువగానే ఉంటాయి. మనిషికి అలవాటుపడిన బూజులు చాలాకాలంగా మనతో ఉండి, మన శరీరాన్ని అంతగా రెచ్చగొట్టకుండా బతకడం నేర్చాయి. పిల్లి బూజు మనకు కొత్త చుట్టం. సద్దు ఎక్కువ చేస్తుంది. అందువల్ల శరీరం దాన్ని త్వరగా పసిగడుతుంది కూడా.

పిల్లి నుంచి మన దగ్గరకు

పిల్లి వెంట్రుక లోపలికి దూరిన బూజు, దాన్ని తిని గుల్ల చేస్తుంది. వెంట్రుక పెళుసుబారి విరిగిపోతుంది. పైగా బూజు తంతువులు వెంట్రుక చుట్టూ ముక్కలు ముక్కలుగా తెగి, వేలకొద్దీ సిద్ధబీజాలుగా మారుతాయి. ఒక్కొక్కటి రెండు మూడు మైక్రాన్లు ఉంటుంది. ఒక మిల్లీమీటరు పొడవున వరసగా పేరిస్తే మూడు వందలకు పైగా పడతాయి. పిల్లి పడుకున్న గోనెపట్టా మీదా, దిండు గలీబు మీదా, దువ్వెన పళ్ళ మధ్యా ఈ విరిగిన వెంట్రుకలు పడి ఉంటాయి. పొడిగా, కదల్చకుండా ఉంటే ఆ బీజాలు ఏడాదిన్నర వరకు కూడా బతికి ఉండగలవు. పిల్లిని కాలవ దాటించినంత మాత్రాన జబ్బు ఇల్లు దాటదని దీన్నిబట్టి తెలుస్తున్నది కదా! పిల్లి పోయినా దాని పట్టా ఇంట్లోనే ఉంటుంది. పైగా గోనెసంచిలో పోయిన పిల్లి మరో వీధిలో మరో పిల్లల గుంపును చేరుతుంది.

అయితే పిల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ తామర ఎందుకు లేదు? దానికి జవాబు పిల్లి నాలుక మీద ఉంది. పిల్లి మీ చెయ్యి నాకితే గరుకు కాగితం రుద్దినట్టు ఉంటుంది. ఆ నాలుక మీద వెనక్కి వంగిన చిన్న చిన్న కొక్కేలు ఉన్నాయి. రోజులో చాలాసేపు పిల్లి ఒళ్ళంతా నాక్కుంటూ ఈ కొక్కేలతో దువ్వుకుంటుంది. వదులు వెంట్రుకలతోపాటు బీజాలు కూడా చాలావరకు పోతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి ఈ జబ్బు అంత సులభంగా రాదు. ఒళ్ళు సరిగ్గా నాక్కోవడం చేతకాని కూనలకూ, బలహీనంగా ఉన్నవాటికీ, పొడుగు వెంట్రుకల పర్షియన్ జాతి పిల్లులకూ ఎక్కువగా వస్తుంది. కొన్ని పిల్లులు మరీ మోసం చేస్తాయి. ఒంటిమీద ఒక్క మచ్చయినా ఉండదు కాని, బొచ్చులో బీజాలను మోసుకు తిరుగుతుంటాయి.

బీజం మన చర్మం మీద పడగానే జబ్బు రాదు. చర్మం తడిగా, చెమటగా ఉండాలి. చిన్న గీతో, ఒరుపో ఉంటే మరీ సులువు. పడిన వారం రెండు వారాలకు మచ్చ కనిపిస్తుంది. చిన్నపిల్లల తలమీద పడితే ఇంకా ఇబ్బంది. జుట్టు కుదుళ్ళలోకి దూరి, గుండ్రంగా జుట్టు రాలగొడుతుంది. ఒక్కోసారి అక్కడ మెత్తగా ఉబ్బి చీము కారుతుంది. ఆలస్యం చేస్తే ఆ మేరకు జుట్టు మళ్ళీ మొలవకపోవచ్చు కూడా. మీ వయసు దాటేకొద్దీ తల తామర అరుదవుతుంది. యుక్తవయసులో తలచర్మం నుంచి ఊరే నూనెలోని కొన్ని కొవ్వు ఆమ్లాలు బూజుకు గిట్టకపోవడమే ఇందుకు కారణమంటారు. కాబట్టి ఇంట్లో పిల్లికి తామర ఉంటే ముందుగా చూడవలసింది మీ చిన్న తమ్ముడి తల.

ఒక్క మాట. మన ప్రాంతంలో పెద్దల నడుము దగ్గరా, తొడల మధ్యా కనిపించే తామరలో ఎక్కువ భాగం మనిషి నుంచి మనిషికి, తువ్వాళ్ళు, దుస్తుల ద్వారా పాకేదే. ఇంట్లో ఎవరికి తామర వచ్చినా పిల్లిమీద నేరం మోపడం న్యాయం కాదు.

పిల్లులు మనుషులకు అంటించే మరో శిలీంధ్ర వ్యాధి బ్రెజిల్ దేశాన్ని చాలా బాధపెడుతున్నది. దాని పేరు స్పోరోట్రికోసిస్. 1990ల చివర రియో డి జనీరో నగరంలో మొదలై, వేలకొద్దీ పిల్లులకూ, వేలకొద్దీ మనుషులకూ సోకింది. ఇది పైపొరతో ఆగదు. పిల్లి గీరితే గోరుతోపాటు చర్మంలోకి దిగి పుండ్లు చేస్తుంది. మిగతా దేశాలలో ఇలాంటి జబ్బు సాధారణంగా ముళ్ళు గుచ్చుకున్నప్పుడు మట్టి నుంచి వస్తుంది. దాని ముందు మన తామర ఎంతో సాధువు.

పట్టుపురుగు నేర్పిన పాఠం

రోగాలకు సూక్ష్మజీవులు కారణమని లూయీ పాశ్చర్, రాబర్ట్ కాక్ నిరూపించారని మీరు పాఠాల్లో చదివారు. వాళ్ళకంటే ముందే ఈ సంగతి చెప్పినవాళ్ళు బూజులను చూసినవాళ్ళే. ఇటలీలో పట్టుపురుగులకు ఒక జబ్బు వచ్చేది. పురుగు చచ్చి, సున్నం పూసినట్టు తెల్లగా గట్టిపడిపోయేది. అగొస్తీనో బస్సీ అనే ఆయన ఏళ్ళ తరబడి శ్రమించి, ఆ సున్నంలాంటిది బూజేననీ, అదే జబ్బుకు కారణమనీ 1835లో ప్రకటించాడు. మన హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచేవారికి ఈ జబ్బు ఇప్పటికీ తెలుసు.

పురుగుకు బూజు పట్టగా లేనిది మనిషికి ఎందుకు పట్టకూడదు? బెర్లిన్‌లో రాబర్ట్ రేమాక్ అనే యువ వైద్యుడు తలమీద పసుపుపచ్చని పొక్కులు కట్టే ఒక రకం తామరలో తంతువులను సూక్ష్మదర్శినిలో చూశాడు. అవి నిజంగా జబ్బు తెస్తాయో లేదో తేల్చుకోవడానికి, ఆ పొక్కును తన ముంజేతి మీదే అంటించుకున్నాడు. జబ్బు అంటుకుంది! 1842లో ఆ సంగతి ప్రకటించాడు. (మీరు మాత్రం ఈ ప్రయోగం చెయ్యకండి. ఫలితం తెలిసిపోయింది కదా.) సరిగ్గా ఆ సంవత్సరాలలోనే పారిస్‌లో ఉన్న హంగరీ వైద్యుడు డేవిడ్ గ్రూబీ, పిల్లల తల తామరలో వెంట్రుక చుట్టూ ముసిరిన సన్నటి బీజాలను చూసి, 1843లో మైక్రోస్పోరమ్ అని పేరు పెట్టాడు. చిన్న బీజాలు కలది అని ఆ మాటకు అర్థం. మన పిల్లి బూజు ఇంటిపేరు అదే.

గ్రూబీ మాటను అప్పటి వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. యాభై ఏళ్ళ తరవాత సబూరో అనే ఫ్రెంచి డాక్టరు అవే పరిశోధనలు మళ్ళీ చేసి, గ్రూబీ చెప్పింది నిజమేనన్నాడు. బూజులను పెంచడానికి చక్కెర, పెప్టోన్ కలిపి సబూరో తయారు చేసిన ఆహారాన్ని నేటికీ ప్రతి ప్రయోగశాలలోనూ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇప్పుడు పరీక్ష చాలా సులువు. మచ్చ అంచు నుంచి గీకిన పొట్టును గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తారు. ఆ క్షారంలో కెరాటిన్ మెత్తబడి కరిగిపోతుంది. బూజు తంతువులు మాత్రం కరగవు. వాటి గోడలలో కైటిన్ ఉంది. రొయ్య పెంకులో ఉండే పదార్థమే అది. కాసేపాగి సూక్ష్మదర్శినిలో చూస్తే, శుభ్రమైన నేపథ్యంలో గాజు దారాల్లాగా తంతువులు కనిపిస్తాయి. అది గజ్జో, సోరియాసిస్సో, తామరో నిమిషాల మీద తేలిపోతుంది.

పచ్చని వెలుగు

పెద్ద నోట్లు అసలువో నకిలీవో తేల్చడానికి బాంకుల్లో ఊదారంగు దీపం కింద పెట్టి చూస్తారు. ఆ అతినీలలోహిత కాంతిలో నోటు మీది అంకెలు మెరుస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రజ్ఞుడు మామూలు వెలుతురును ఆపి, అతినీలలోహిత కిరణాలను మాత్రమే పోనిచ్చే గాజును తయారు చేశాడు. 1925లో ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు ఆ దీపాన్ని తల తామర ఉన్న పిల్లల మీద వేసి చూశారు. జబ్బు పట్టిన వెంట్రుకలు చీకట్లో పచ్చగా వెలిగాయి!

పిల్లి బూజు సోకిన వెంట్రుక ఆకుపచ్చ ఆపిల్ రంగులో మెరుస్తుంది. బూజు వెంట్రుక లోపల వదిలిన ఒక రసాయన పదార్థమే మెరుస్తున్నది. పశువైద్యుడు గది తలుపులు మూసి, పిల్లిమీద ఈ దీపం వేస్తాడు. చెవి దగ్గర నాలుగు వెంట్రుకలు కుదుళ్ళ నుంచి పచ్చగా మెరిస్తే దొంగ దొరికినట్టే. అయితే ఈ దీపాన్ని గుడ్డిగా నమ్మకూడదు. బట్టల పీచు, సబ్బు, కొన్ని లేపనాలు కూడా మెరుస్తాయి. మనుషుల్లో ఎక్కువగా కనిపించే తామర బూజులు చాలావరకు అసలు మెరవవు. మెరవలేదు కాబట్టి తామర కాదని చెప్పడానికి వీల్లేదు.

మందుల కథ

తల తామరకు మంచి మందు దొరక్క డాక్టర్లు చాలాకాలం అవస్థ పడ్డారు. పైన రాసిన మందు కుదురు దాకా పోదు. కుదురులో ఉన్న బూజు మళ్ళీ పైకి వస్తుంది. 1904లో సబూరో ఒక దారి కనిపెట్టాడు. ఎక్స్ కిరణాలు తలకు పెడితే జుట్టంతా ఊడిపోతుంది. బూజు కూడా జుట్టుతో పోతుంది. తరవాత కొత్త జుట్టు వస్తుంది. ఆ రోజుల్లో ఇది గొప్ప విజయం. ప్రపంచమంతటా లక్షల మంది పిల్లలకు ఇలా చేశారు. ఇజ్రాయెల్ దేశంలో 1948 తరవాత వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు వేలకొద్దీ ఈ చికిత్స జరిగింది. వాళ్ళలో సుమారు 11 వేలమంది ఏమయ్యారో బరూక్ మోదాన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఆరా తీసి 1974లో ప్రకటించారు. మెదడులోనూ, థైరాయిడ్ గ్రంథిలోనూ కంతులు మామూలు కన్నా ఎక్కువగా వచ్చినట్టు తేలింది. ప్రాణం తీయని ఒక బూజు కోసం పిల్లల తలలకు పెట్టిన కిరణాలు ఇరవై ఏళ్ళ తరవాత అలా పగ తీర్చుకున్నాయి. ఆ పిల్లలకు నష్టపరిహారం ఇవ్వడానికి 1994లో అక్కడ ప్రత్యేకంగా చట్టం చేశారు.

ఆ కిరణాల అవసరాన్ని తప్పించింది మరో బూజే. పెన్సిలిన్ ఇచ్చే బూజు కుటుంబంలోని ఒక జాతి నుంచి 1939లో లండన్‌లో గ్రిసియోఫల్విన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. అది బాక్టీరియాలను చంపలేదు కాబట్టి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1958లో జెంటిల్స్ అనే శాస్త్రజ్ఞుడు తామర ఉన్న గినీ పందులకు దాన్ని తినిపించి చూశాడు. తామర తగ్గిపోయింది!

ఈ మందు పనిచేసే తీరు ముచ్చటైనది. కడుపులోకి పోయిన మందు, కొత్తగా తయారవుతున్న కెరాటిన్‌లో చేరుకుంటుంది. ఇప్పటికే ఉన్న వెంట్రుకను అది బాగుచెయ్యదు. కుదురులో పుట్టే కొత్త వెంట్రుక మాత్రం మందుతో పుడుతుంది. బూజు దాన్ని తినలేదు. మరి వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పాత వెంట్రుక పోయి మందున్న వెంట్రుక రావాలంటే ఎన్నాళ్ళు పడుతుందో మీరే లెక్క వెయ్యండి. డాక్టరు ఆరు నుంచి ఎనిమిది వారాలు మింగమంటే, దురద పదో రోజుకే పోయింది కదా అని మానెయ్యకూడదన్నది ఈ లెక్కవల్లే. ఈ మందు కొవ్వున్న భోజనంతో బాగా ఒంటికి పడుతుంది. పెరుగన్నం, నెయ్యి కలిపిన పప్పన్నం పనికొస్తాయి.

ఒంటిమీది చిన్న ఉంగరానికి మింగే మందు సాధారణంగా అక్కర్లేదు. బూజును చంపే లేపనం మూడు నాలుగు వారాలు రాస్తే చాలు. వీటికంటే పాతది విట్‌ఫీల్డ్ లేపనం. అందులో ఉన్న సాలిసిలిక్ ఆమ్లం చర్మపు పైపొరను పొట్టుగా లేపుతుంది. బెంజోయిక్ ఆమ్లం బూజును ఎదగనివ్వదు. చవకైన మందు. కాస్త మండుతుంది, అంతే. మన పల్లెల్లో తగిరిస గింజలూ, మెట్టతామర ఆకూ నూరి రాయడం తరతరాలుగా ఉంది. మెట్టతామర ఆకులో బూజును అణిచే గుణం ఉన్న మాట నిజమే. కాని ఏ ఆకులో ఎంత ఉందో, ఆ ముద్దతో ఇంకేమి చేరుతుందో చెప్పలేం. కిరసనాయిలు మాత్రం చర్మాన్ని కాల్చడం తప్ప మరేమీ చెయ్యదు.

ఇక మేనమామ తెచ్చిన గొట్టం సంగతి. మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చే చాలా లేపనాల్లో బూజు మందుతోపాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. ఎరుపు, దురద మన శరీరం చేస్తున్న యుద్ధానికి గుర్తులని పైన చెప్పుకున్నాం. స్టెరాయిడ్ ఆ సైనికులను నిద్రపుచ్చుతుంది. దురద రెండు రోజుల్లో పోతుంది. రోగి సంతోషిస్తాడు. షాపతనికి పేరు వస్తుంది. అవతల బూజు అడ్డులేకుండా పాకిపోతుంది. యుద్ధమే లేదు కాబట్టి యుద్ధరేఖ కూడా ఉండదు. అమ్మాయి చేతిమీద రెండోసారి వచ్చిన మచ్చలకు అంచు లేకపోవడానికి ఇదే కారణం. అలాంటి మచ్చను చూసి డాక్టరు కూడా ఒక్కోసారి పోల్చుకోలేడు. పైగా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, చారలు పడుతుంది. ఆ చారలు మళ్ళీ పోవు.

నా దృష్టిలో ఈ కథలో అసలు ప్రమాదకరమైన వస్తువు పిల్లి కాదు, ఆ గొట్టమే. గత కొన్నేళ్ళుగా మన దేశంలో మందులకు లొంగని తామర విపరీతంగా పెరిగింది. అందుకు కారణమైన ఒక బూజుకు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులో మన దేశం పేరు ఉంది. ఇది మనిషి నుంచి మనిషికి పాకేది. టెర్బినఫైన్ అనే మంచి మందును చాలాసార్లు లెక్కచెయ్యదు. ఇలాంటి కలగాపులగం లేపనాలు విచ్చలవిడిగా వాడడం దీనికి తోడ్పడిందని చర్మవైద్యులు భావిస్తున్నారు. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి స్టెరాయిడ్ లేపనాలు అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. గొట్టం మీద క్లోబెటాసాల్, బెటామెథసోన్ వంటి పేర్లు కనిపిస్తే తామరకు రాయకండి. చదవడం మీకు వచ్చు కదా, ఇంట్లో పెద్దవాళ్ళకు మీరే చదివి చెప్పండి.

మరి పిల్లి?

పిల్లికి ఫినైలు నీళ్ళు పోయడం చాలా ఇళ్ళల్లో చేసే పని. అది పిల్లిని చంపగలదు. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒంటిమీద పోసింది నాకుతుంది కూడా. మనుషుల మాత్రలు అంచనాగా విరిచి పెట్టడమూ అంతే ప్రమాదం.

పశువైద్యశాలకు తీసుకువెళితే మింగే మందుతోపాటు సున్నం, గంధకం కలిపిన ద్రావణంతో వారానికి రెండుసార్లు ఒళ్ళు తడపమనవచ్చు. తోటల్లో బూడిద తెగులుకు కొట్టే మందు కూడా ఈ జాతిదే కాని, దాన్ని తెచ్చి పోయకండి. పిల్లికి ఎంత పలచన చెయ్యాలో డాక్టరే చెప్పాలి. ఆ వాసన మీకు పరిచయమే. కిప్ పరికరం దగ్గర ముక్కు మూసుకున్నారు చూడండి, ఆ కుళ్ళిన గుడ్ల వాసనే. రెండు నెలలు ఇల్లంతా రసాయనశాలలా ఉంటుంది. ఆరోగ్యమైన పిల్లికి ఏ మందూ లేకపోయినా రెండు మూడు నెలల్లో జబ్బు దానంతట అదే తగ్గిపోవచ్చు. కాని ఆ రెండు మూడు నెలలూ అది బీజాలు రాలుస్తూనే ఉంటుంది. అందుకే మందు.

అన్నాళ్ళూ పిల్లిని ఊడ్చి కడగడానికి వీలైన ఒక గదిలోనో వరండాలోనో ఉంచాలి. దాని పట్టా పాతదైతే కాల్చెయ్యడమే మేలు. మిగతా బట్టలు సబ్బుతో బాగా ఉతికి, ఎండలో ఆరెయ్యాలి. నేలమీది వెంట్రుకలు తడిగుడ్డతో తీసేసి, ఆ తరవాత బ్లీచింగు పౌడరు నీళ్ళతో తుడవాలి. వెంట్రుకలు తియ్యకుండా బ్లీచింగు పోస్తే ప్రయోజనం తక్కువ. పిల్లిని ముట్టుకున్నాక చేతులు మోచేతుల దాకా కడుక్కోండి. పట్టుకునేటప్పుడు గీరిందంటే అది వేరే సంగతి. సబ్బుతో పావుగంటసేపు కడిగి, అదేరోజు ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగాలి. మచ్చ ఉన్న అమ్మాయి బడి మానక్కర్లేదు. మందు మొదలుపెట్టి, మచ్చను చొక్కా చేతులతో కప్పుకుంటే చాలు. బెంచీ మారవలసిన పని లేదు.

పిల్లికి తగ్గిందని ఎలా తెలుస్తుంది? జుట్టు మొలిచినంత మాత్రాన నమ్మకూడదు. ఒక కొత్త పళ్ళ బ్రష్షు తీసుకొని పిల్లి ఒళ్ళంతా రెండు మూడు నిమిషాలు దువ్వుతారు. ఆ కుచ్చును సబూరో ఆహారం పోసిన గాజు పళ్ళెంలో మెల్లగా గుచ్చి, మూతపెట్టి రెండు మూడు వారాలు ఆగుతారు. బీజం ఒక్కటి మిగిలి ఉన్నా, పైన తెల్లటి దూదిలాగా, అడుగున నిమ్మపండు రంగులో బూజు మొలుస్తుంది. కొన్నాళ్ళు ఆగి మరో పళ్ళెం పెడతారు. రెండు పళ్ళేలలోనూ ఏమీ మొలవకపోతే, పిల్లి మళ్ళీ వంటింట్లోకి వచ్చి నాయనమ్మ పీట పక్కన కూర్చోవచ్చు.